ఏడ్చినవాళ్ళ లెక్కే లెక్కా?

కర్లపాలెంలో అరవై దాటిన ఒక రైతు దంపతుల్ని ఊహించుకుందాం. బాపట్ల, రేపల్లె, తెనాలి చుట్టుపక్కల ఏ ఊళ్ళోనైనా ఉండే జంటే. ఆవిడకి రాత్రుళ్ళు నిద్ర పట్టదు, ఒళ్ళంతా నొప్పులంటుంది, పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతుంది, ఏమైందని అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. ఆయన కౌలుకి చేస్తాడు. రెండేళ్ళ నుంచి పండింది కౌలు బస్తాలకే సరిపోతోంది. పొద్దుగూకితే సీసా ముందు కూర్చుంటాడు, అయినదానికీ కానిదానికీ విసుక్కుంటాడు, ఎరువుల కొట్లో ఎంత బాకీ ఉన్నదీ మూడుసార్లు చెప్పించుకుంటాడు. ఆవిడ దిగులు పెట్టుకుందనీ, ఆయన తాగుడు మొదలెట్టాడనీ ఊళ్ళో అనుకుంటారు. ఆవిడ మరుపుని వయసు ఖాతాలో, ఆయన మరుపుని సీసా ఖాతాలో రాసి ఊరుకుంటారు. ఇద్దరిదీ ఒకటే జబ్బు కావచ్చునన్న అనుమానం ఎవరికీ రాదు. వైద్య పరిశోధనకైనా ఆ అనుమానం రావడానికి చాలా కాలమే పట్టింది.

కుంగుబాటు, అంటే డిప్రెషన్, మనసుకి సంబంధించిన బాధ మాత్రమేనని మనలో చాలామంది అనుకుంటారు. అది ఆలోచనని కూడా కుంటుపరుస్తుంది. డాక్టర్లు ఈ జబ్బుని గుర్తించడానికి వాడే తొమ్మిది లక్షణాల్లో ఏకాగ్రత కుదరకపోవడం, చిన్న విషయంలో కూడా ఏదీ తేల్చుకోలేకపోవడం ఒకటి. ఇక్కడ దెబ్బ తినేది ముందుగా జ్ఞాపకం కాదు, ధ్యాస. చెప్పింది చెవిన పడుతుంది గానీ మనసుకెక్కదు. ఎక్కనిది తర్వాత ఎలా గుర్తొస్తుంది? అందుకే కుంగిపోయిన మనిషి తాళంచెవి ఎక్కడ పెట్టిందీ మరిచిపోతాడు, పాతికేళ్ళ కిందటి అవమానం మాత్రం పూసగుచ్చినట్టు చెబుతాడు. జరిగిపోయినదాన్నే తలచుకుని తలచుకుని కుమిలిపోవడం ఆడవాళ్ళలో ఎక్కువనీ, మగవాళ్ళు దాన్ని తప్పించుకోవడానికి మరో వ్యాపకంలోకో, వ్యసనంలోకో పోతారనీ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సూజన్ నోలెన్ హోక్సెమా 1987లోనే వాదించింది. కుమిలిపోతున్న మనసులో కొత్త విషయానికి చోటుండదు. దీనికి తోడు ఒత్తిడి వల్ల ఒంట్లో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను నెలల తరబడి తగ్గకపోతే, కొత్త జ్ఞాపకాలు కూర్చే హిప్పోకాంపస్ అనే మెదడు భాగం మీద దాని ప్రభావం పడుతుంది. అంతకు ముందు వచ్చిన కొన్ని అధ్యయనాలను కలిపి కేంబ్రిడ్జి పరిశోధకులు 2014లో లెక్క చూస్తే, దిగులు తగ్గిందని చెప్పుకున్న వాళ్ళలో కూడా ధ్యాస లోపం, పనిని ఒక క్రమంలో పెట్టుకోలేకపోవడం కొంత మిగిలే ఉన్నాయని తేలింది. మనసు కుదుటపడ్డాక కూడా ఆలోచన వెంటనే దారిలో పడదన్నమాట.

మరి ఆడ మగ తేడా సంగతి? ప్రపంచమంతటా కుంగుబాటు ఆడవాళ్ళలో మగవాళ్ళకి దాదాపు రెట్టింపుగా నమోదవుతోంది. మన దేశంలో డిమెన్షియా, అంటే వృద్ధాప్యంలో వచ్చే మతి క్షీణత, అరవై దాటినవాళ్ళలో నూటికి 7.4 మందికి ఉందని 2023లో వెలువడిన జాతీయ అంచనా చెప్పింది. మొత్తం 88 లక్షల మంది. స్త్రీలలో 9 శాతం, పురుషులలో 5.8 శాతం. పట్టణాల్లో 5.3 శాతమైతే పల్లెల్లో 8.4. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే, ఆడవాళ్ళు ఎక్కువగా దిగులుపడతారు కాబట్టి వాళ్ళ మతే ఎక్కువగా పోతుందని తేల్చేయడం సులువు. చాలామంది అలాగే తేలుస్తారు. డెన్మార్క్ లెక్క దీనికి అడ్డం తిరుగుతుంది. అక్కడ 14 లక్షల మందికి పైగా జనం వైద్య రికార్డుల్ని ఏళ్ళ తరబడి గమనించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో, కుంగుబాటు ఉన్నట్టు రికార్డయిన వాళ్ళకి తర్వాత డిమెన్షియా వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే రెండున్నర రెట్లకి దగ్గరగా ఉంది. స్త్రీలను విడిగా చూస్తే 2.2 రెట్లు, పురుషులను విడిగా చూస్తే దాదాపు 3 రెట్లు. అంతకు ముందు ఫ్రాన్సులో 2003లో, అమెరికాలోని బాల్టిమోర్‌లో 2005లో వచ్చిన అధ్యయనాల్లోనూ ఈ సంబంధం మగవాళ్ళలోనే కనిపించింది, ఆడవాళ్ళలో కనిపించలేదు. జబ్బేమో ఆడవాళ్ళలో ఎక్కువ, దాని దెబ్బేమో మగవాళ్ళ మీద ఎక్కువ!

ఈ చిక్కుముడికి చాలామంది మెదడులోనే జవాబు వెతుకుతారు. నాకు మాత్రం జవాబులో పెద్ద పాలు కొలిచే తీరులోనూ, బతికే తీరులోనూ ఉందనిపిస్తుంది. మెదడులో తేడా లేదనను. దాన్ని తేల్చి చెప్పగలిగేంత శుభ్రంగా మనం ఇంకా కొలవలేదంటాను.

ముందు దిగులుని ఎలా కొలుస్తారో చూడండి. 1977 నుంచి ప్రపంచమంతా వాడుతున్న ఒక ప్రసిద్ధ ప్రశ్నావళిలో ఇరవై ప్రశ్నలున్నాయి. అందులో ఒకటి, గత వారంలో మీకు ఏడుపు వచ్చిందా అని. ఒకే స్థితిలో ఉన్న ఆడమనిషి అవునంటుంది, మగవాడు లేదంటాడు. అతనికి నిజంగానే రాకపోవచ్చు, చిన్నప్పటి నుంచి ఆపుకోవడం అలవాటైంది కదా. కోపం ఎక్కువైందా, తాగుడు పెరిగిందా, బండి ఒళ్ళు తెలియకుండా తోలుతున్నారా అని అడిగే ప్రశ్న మాత్రం అందులో ఒక్కటీ లేదు. వృద్ధుల కోసం తయారు చేసిన మరో పదిహేను ప్రశ్నల పట్టీ ఇంకా తమాషాగా ఉంటుంది. బయటికి వెళ్ళడం కంటే ఇంట్లోనే ఉండటం ఇష్టమా అని అందులో ఒక ప్రశ్న. భర్త పోయిన పెద్దావిడ గడప దాటకపోవడం మన పల్లెల్లో చాలాచోట్ల ఆచారం. ఆచారానికి ఒక మార్కు పడిపోతుంది. ఆ వెంటనే వచ్చే ప్రశ్న, మీ ఈడువాళ్ళకంటే మీకు మరుపు ఎక్కువగా ఉందనిపిస్తుందా అని. మరుపుందన్న వాళ్ళకి దిగులు మార్కు పెరుగుతుంది. ఆ తర్వాత దిగులుకీ మరుపుకీ సంబంధం ఉందా అని లెక్కవేస్తే ఉండక ఏమవుతుంది?

ఈ అనుమానాన్ని పరీక్షించి చూసినవాళ్ళు లేకపోలేదు. అమెరికాలో ఒక జాతీయ సర్వే సమాచారాన్ని 2013లో ముగ్గురు పరిశోధకులు తిరగదోడి, మామూలు లక్షణాలకి కోపం, దెబ్బలాట, మత్తు, తెగింపు లాంటివి కూడా కలిపి లెక్కించారు. మగవాళ్ళలో 30.6 శాతం, ఆడవాళ్ళలో 33.3 శాతం తేలారు. రెట్టింపు తేడా ఆవిరైపోయింది. మన దేశంలో ఇలాంటి లెక్క ఎవరైనా వేస్తే ఏమొస్తుందో ఊహించడానికి రెండు అంకెలు చాలు. 2022లో ఆత్మహత్యల వల్ల చనిపోయిన 1.7 లక్షల మందిలో నూటికి దాదాపు 72 మంది మగవాళ్ళు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్ళు దాటిన మగవాళ్ళలో నూటికి 23 మంది మద్యం తాగుతారు, ఆడవాళ్ళలో నూటికి ఒక్కరు కూడా లేరు. ఆత్మహత్యలన్నీ కుంగుబాటు వల్లేననీ, తాగేవాళ్ళంతా కుంగిపోయారనీ అనడం మూర్ఖత్వం. అయినా కుంగుబాటు ఆడవాళ్ళ జబ్బు అన్న మాట ఈ అంకెల ముందు నిలవదు. డెన్మార్క్ అంకె కూడా ఈ వెలుగులో వేరుగా కనిపిస్తుంది. దిగులని చెప్పుకుని ఆసుపత్రి దాకా వచ్చే మగవాడు సాధారణంగా చేయి దాటాకే వస్తాడు. రికార్డుకెక్కిన మగవాళ్ళంతా ముదిరిన కేసులైతే, వాళ్ళ మతి ఎక్కువగా దెబ్బతిన్నట్టు కనిపించడంలో ఆశ్చర్యమేముంది? మద్యం మెదడుకి విడిగా చేసే చెరుపు దీనికి అదనం.

ఇక మతిని కొలిచే తీరు. పాత పరీక్షల్లో వంద లోంచి ఏడు తీసేయి, వచ్చినదాంట్లోంచి మళ్ళీ ఏడు తీసేయి అంటారు. కాగితం మీద అయిదు మూలల బొమ్మలు రెండు, ఒకదాని మీదకి ఒకటి వచ్చేట్టు, చూసి గీయమంటారు. ఒక వాక్యం రాయమంటారు. కలం పట్టని చేతికి ఇది మతి పరీక్షా, బడి పరీక్షా? 1971 జనాభా లెక్కల నాటికి ఆంధ్రప్రదేశ్‌లో చదువొచ్చిన మగవాళ్ళు మూడోవంతు, చదువొచ్చిన ఆడవాళ్ళు నూటికి 16 మంది. ఆనాడు పదేళ్ళ వయసులో బడి ముఖం చూడకుండా తమ్ముణ్ణి ఎత్తుకుని, మినప చేలో కలుపు తీసిన పిల్లలే ఇవాళ అరవై అయిదేళ్ళ పెద్దవాళ్ళు. వాళ్ళకి ఈ పరీక్ష పెట్టి తక్కువ మార్కులొచ్చాయంటే ఆ మార్కులు మెదడువా, బడివా? ఈ ఇబ్బందిని గుర్తించే హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం 1990ల్లో హిందీలో ఒక పరీక్ష తయారు చేశారు. వంద లోంచి ఏడుకి బదులు ఇరవై లోంచి మూడు తీయమన్నారు. 'కళ్ళు మూసుకోండి' అని రాసిన కాగితం చదివించే బదులు, నేను చేసినట్టు చేయండి అని చేసి చూపించారు. జాతీయ డిమెన్షియా అంచనాలో వాడినది ఆ పరీక్ష రకమే. అయినా చదువు నీడ పూర్తిగా పోలేదు.

పది మాటలు వరసగా చదివి వినిపించి తిరిగి చెప్పమనే పరీక్షలో, మగవాళ్ళతో సమానంగా చదువు దొరికిన దేశాల్లో ఆడవాళ్ళే ముందుంటారు. ఐరోపా దేశాల్లో జీవన పరిస్థితులు మెరుగుపడే కొద్దీ ఈ విషయంలో ఆడవాళ్ళ ఆధిక్యం పెరుగుతూ వచ్చిందని 2014లో ఒక అధ్యయనం చూపించింది. భారతదేశంలో అది తలకిందులు. ఇక్కడ పెద్దవయసు ఆడవాళ్ళు సగటున మగవాళ్ళకంటే వెనకబడతారు, ఆ వెనకబాటులో ఎక్కువ భాగం చదువు లేకపోవడంతోనే వివరించవచ్చు. కాకపోతే మెదడుకి కసరత్తు బడిలో మాత్రమే దొరకదు. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. ఒకటి కంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైంది, చదువురాని వాళ్ళలో కూడా ఆ తేడా ఉంది. హైదరాబాద్ పాతబస్తీలో బడికి వెళ్ళకపోయినా ఉర్దూ, తెలుగు రెండూ వస్తాయి. కర్లపాలెం చుట్టుపక్కల పుట్టి, పక్క ఊరికే కాపురానికి వచ్చి, పొలం ఇల్లు తప్ప మరోటి చూడని ఆవిడకి అలాంటి అవకాశం ఎక్కడిది? పొలానికి నీళ్ళు పెట్టించడానికైనా, ధాన్యం బేరానికైనా, మండలాఫీసుకైనా మగవాళ్ళు తిరుగుతారు, పది రకాల మనుషులతో మాట్లాడతారు. ఆ తిరుగుడు మనసుకి తెరిపి, మెదడుకి మేత. డ్వాక్రా సంఘాలు వచ్చాక పొదుపు, అప్పు, వడ్డీ లెక్కలు నోటికి చెప్పే ఆడవాళ్ళు ఊరూరా తయారయ్యారు. వాళ్ళు డెబ్భైల్లోకి వచ్చినప్పుడు ఈ అంకెలు మారతాయని నా నమ్మకం.

ఇదంతా సరే, హార్మోన్ల సంగతేమిటని అడిగేవాళ్ళుంటారు. అడగవలసిందే. ఈస్ట్రోజన్‌కి జ్ఞాపకంతో సంబంధముంది. ముట్లుడిగే దశలో చాలామంది ఆడవాళ్ళకి దిగులూ మరుపూ కలిసి వస్తాయి. అయితే అది ఇచ్చేస్తే సరిపోయే మందూ కాదు. అరవై అయిదు దాటిన స్త్రీలకి ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చి చూసిన అమెరికన్ అధ్యయనంలో డిమెన్షియా తగ్గకపోగా రెట్టింపైందని 2003లో తేలింది. మన రాష్ట్రానికి వస్తే ఈ హార్మోన్ల కథకి మరో మలుపుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి ఆపరేషన్లలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌దే. 15 నుంచి 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో నూటికి దాదాపు 9 మందికి గర్భసంచి లేదు. దేశం మొత్తం మీద ఈ సంఖ్య 3. తెల్లబట్ట అవుతోందనో, నెలనెలా కూలి పోతోందనో, ఉంచుకుంటే క్యాన్సరొస్తుందన్న భయంతోనో పిల్లలు పుట్టేశాక ఇంకెందుకని తీయించేసుకుంటారు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లుడిగే వయసు ఒక్కరోజులో వచ్చి పడుతుంది. ముట్లుడగక ముందే అండాశయాలు తీయించుకున్న ఆడవాళ్ళని దశాబ్దాల పాటు గమనించిన అమెరికాలోని మేయో క్లినిక్, వాళ్ళలో మతి క్షీణత ఎక్కువని 2007లోనూ, దిగులు ఆందోళన ఎక్కువని 2008లోనూ ప్రకటించింది. ఆపరేషన్ ఎంత చిన్న వయసులో జరిగితే మతికి అంత నష్టం. అండాశయాలు ఉంచేసి గర్భసంచి ఒక్కటే తీస్తే పరిస్థితి వేరు, కానీ తనకి ఏం తీశారో తెలియని ఆడవాళ్ళు మన పల్లెల్లో ఎందరో. ఇక్కడ దిగులూ మరుపూ రెండూ హార్మోను వల్లే వచ్చాయనుకున్నా, ఆ హార్మోను ఎందుకు పోయిందన్న ప్రశ్నకి జవాబు శరీరశాస్త్రంలో దొరకదు. అది కూలి పనుల తీరులో, భయపెట్టే వైద్యంలో దొరుకుతుంది. ఆడవాళ్ళ మెదడే అంత అన్నవాళ్ళకి నేను చూపించేది ఈ 9 శాతాన్నే.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. దిగులు వల్ల మరుపు వస్తోందా, లోలోపల మొదలైన మతి క్షీణతే ముందుగా దిగులు రూపంలో బయటపడుతోందా? లండన్ ప్రభుత్వోద్యోగులు పదివేల మందిని 28 ఏళ్ళు గమనించి 2017లో ప్రచురించిన ఫలితం రెండోదాని వైపే మొగ్గింది. డిమెన్షియా వచ్చినవాళ్ళలో దిగులు నడివయసులో మామూలుగానే ఉండి, జబ్బు బయటపడటానికి పదేళ్ళ ముందు నుంచి పెరిగింది. డెన్మార్క్ లెక్కలో మాత్రం యవ్వనంలో వచ్చిన కుంగుబాటుకి కూడా తర్వాతి డిమెన్షియాతో సంబంధం కనిపించింది. రెండు దారులూ నిజమే అయ్యుంటాయి. దీని నుంచి నేను గ్రహించేది ఒకటి. ఎప్పుడూ లేనిది అరవై దాటాక మొదటిసారి వచ్చిన దిగులుని, ఆడవాళ్ళలోనైనా మగవాళ్ళలోనైనా, అల్లుడి మీదా కొడుకు మీదా నెట్టేసి ఊరుకోకూడదు. మతిని కూడా పరీక్ష చేయించాలి. అలాగే మరుపని వచ్చినవాళ్ళకి మనసు సంగతి అడగాలి. అచ్చం డిమెన్షియాలా కనిపించి, కుంగుబాటుకి వైద్యం చేస్తే తగ్గిపోయే కేసుల గురించి బ్రిటిష్ మానసిక వైద్యుడు కైలో 1961లోనే రాశాడు.

పల్లెల్లో ఇవన్నీ లేవు, ఒళ్ళొంచి పని చేసేవాళ్ళకి దిగులెక్కడిది అనే మాట పట్నంలోనే కాదు, పల్లెల్లోనూ వినిపిస్తుంది. దేశమంతటా నలభై అయిదేళ్ళు దాటిన 72 వేల మందిని 2017-18లో పలకరించిన వృద్ధాప్య అధ్యయనం ఈ మాటకి జవాబు చెప్పింది. అరవై దాటినవాళ్ళలో తమకి డిప్రెషన్ అని డాక్టరు చెప్పాడన్నవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. లక్షణాలు అడిగి తేల్చినప్పుడు అంతకు దాదాపు పది రెట్ల మంది బయటపడ్డారు. జబ్బు లేక కాదు, దానికి ఎవరూ పేరు పెట్టక. పల్లెటూరి ఆడమనిషి దిగులుగా ఉందని డాక్టరుతో చెప్పదు. నీరసమంటుంది, గుండెదడంటుంది, తల దిమ్మంటుంది. ఆర్‌ఎంపీ ఒక సెలైను ఎక్కించి, బలానికని ఇంజక్షన్ చేసి పంపిస్తాడు. రెండు రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే. ఆ నీరసంలో నిజంగానే రక్తహీనత ఉండొచ్చు కూడా. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతానికి రక్తం తక్కువ. థైరాయిడ్ లోపం, బి12 లోపం కూడా దిగులునీ మరుపునీ జంటగా తెస్తాయి. అందుకని మనసు జబ్బని ముద్ర వేసే ముందు రక్తపరీక్ష చేయించడం న్యాయం. రక్తపరీక్ష బాగుందని ఏమీ లేదు పొమ్మనడం అన్యాయం.

ప్రతి మండలానికీ ఒక మానసిక వైద్యుణ్ణి వేస్తారని నేను ఆశపడటం లేదు. ఉన్నవాటితోనే చేయగలిగింది కొంత ఉంది. బీపీ, షుగరు చూపించుకోవడానికి మగవాళ్ళు కూడా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వస్తారు, ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళుతుంది. అక్కడ అడిగే ప్రశ్నలు మారాలి. కర్లపాలెం ఆవిడని ఏడుపొస్తోందా అని అడగడంతో ఆగకుండా నిద్ర, ఆకలి, చేస్తున్న పని మీద ధ్యాస, గర్భసంచి ఆపరేషన్ ఎప్పుడైంది, అండాశయాలు ఉన్నాయా అని అడగాలి. ఆయన్ని దిగులుగా ఉందా అంటే లేదనే అంటాడు. కోపం ఈమధ్య ఎక్కువైందా, ముందుకంటే ఎక్కువ తాగుతున్నారా, లెక్కలు తప్పుతున్నారా, పొలం వెళ్ళాలనిపించడం లేదా అని అడిగితే నోరు విప్పే అవకాశముంది. ఆయన చెప్పకపోతే ఇంట్లోవాళ్ళు చెబుతారు. బతకాలని లేదన్న మాట ఎవరి నోటి నుంచి వచ్చినా, తాగిన మైకంలో వచ్చినా సరే, కొట్టిపారేయకుండా ఆ రోజే సాయం అందేట్టు చూడాలి. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన టెలీమానస్‌కి 14416 నంబరు మీద రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. ఊరు పేరు చెప్పుకోవడం ఇష్టం లేని మగవాళ్ళకి, బాపట్ల దాకా వెళ్ళిరావడానికి తోడు దొరకని ఆడవాళ్ళకి అది మొదటి మెట్టు కావచ్చు.